మడిలో ఒక అంగీ, ఒంట్లో ఇంకో అంగీ

చెరువుల్లోకి నీళ్లు చేరి నాట్లు మొదలైన నాటి నుంచి తంగేడు పూసి బతుకమ్మ వచ్చే దాకా నల్లగొండ, పాలమూరు పక్కన ఏ చిన్న ల్యాబు ముందు నిలబడ్డా ఒకటే మాట: "టైఫాయిడ్ వచ్చిందట, 160 చూపిస్తున్నది." ఆ కాగితంతో ఊళ్లోకి పోతే సాయంత్రానికి మంచం పక్కన సెలైన్ బాటిల్ వేలాడుతుంది, సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ సూది మొదలవుతుంది. అయిదు రోజులు. జ్వరం దిగితే టైఫాయిడ్ తగ్గినట్టు, దిగకపోతే టైఫాయిడ్ ముదిరినట్టు.

ఆ 160 అన్న అంకె వైడల్ అనే రక్తపరీక్షది. దాన్ని వేసినవాళ్లు టైఫాయిడ్ బ్యాక్టీరియాను చూడలేదు. దాని ఒంటి మీది రెండు వస్తువులకు మన రక్తం ఎప్పుడో తయారుచేసిన యాంటీబాడీలను లెక్కపెట్టారు, అంతే. ఆ రెండింట్లో ఒకటి ప్రోటీన్. మన పేగు గోడ దాటి లోపలికి దిగగానే బ్యాక్టీరియా ఆ ప్రోటీన్‌ను బాగా తగ్గించేస్తుంది. రెండోదాని మీద దుప్పటి కప్పుతుంది. బ్యాక్టీరియా పైపొరను మనం ఆధార్ కార్డులా చూస్తున్నాం. అదేమో చోటును బట్టి తొడిగి విప్పే అంగీ. ఈ పొరపాటు మీద కట్టిన పరీక్షలు, టీకాలు, సంచీల్లో అమ్మే పొడులు ఎక్కడెక్కడ బోర్లాపడ్డాయో తెలిసినవాళ్లెవరూ ఒక్క వైడల్ కాగితం మీద సూది వేయరని నా వాదన.

ముందు టైఫాయిడ్ సంగతే చూద్దాం. సాల్మొనెల్లా టైఫీ రెండు మూడు మైక్రాన్ల కడ్డీ. చుట్టూ తోకల్లాంటి కశాభాలు. ఒక్కో కశాభం ఫ్లాజెలిన్ అనే ఒకే రకం ప్రోటీన్ ఇటుకలను దాదాపు 20,000 పేర్చిన గొట్టం. వైడల్ కాగితం మీద 'హెచ్' అని కనిపించేది దీనికి పుట్టిన యాంటీబాడీ. 'ఓ' అన్నది బయటి పొరలోని చక్కెర గొలుసుకు పుట్టింది.

ఫ్లాజెలిన్ ఇటుక కట్టుబడి చూస్తే ముచ్చటేస్తుంది. ఇటుక మీద ఇటుక కూర్చోవాలంటే లోపలి అంచులు కచ్చితంగా ఒకే కొలతలో ఉండాలి. అక్కడ మార్పు వస్తే గొట్టమే నిలబడదు. మన పేగు కణాల మీది టీఎల్ఆర్5 అనే కాపలాదారు పట్టుకునేది ఆ మారని భాగాన్నే. కానీ అది గొట్టం లోపల దాక్కొని ఉంటుంది. విడిపోయిన ఇటుక దొరికితేనే టీఎల్ఆర్5 గోల చేస్తుంది. బయటికి పొడుచుకొచ్చిన భాగం మాత్రం ఎలా మారినా గొట్టానికి నష్టం లేదు. యాంటీబాడీలు ఎక్కువగా పుట్టేది దానికే. మార్చుకోదగ్గ ముఖం బయటికి, మార్చలేని ముఖం లోపలికి. వ్యాధికారక బ్యాక్టీరియాల పై ప్రోటీన్లలో ఈ పద్ధతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ఇప్పుడు అంగీ మార్చే ఘట్టం. కలుషిత నీళ్లతో కడుపులోకి చేరిన టైఫీ పేగు గొట్టంలో ఉన్నంతసేపు చుట్టూ లవణ సాంద్రత ఎక్కువ. అప్పుడు కశాభాలు తిరుగుతుంటాయి, పేగు గోడను పొడిచే సూది యంత్రం సిద్ధంగా ఉంటుంది. గోడ దాటి లోపలి కణజాలంలోకి దిగగానే సాంద్రత పడిపోతుంది. ఆ తేడాను పసిగట్టే ఏర్పాటు టీవీఐఏ అనే నియంత్రణ ప్రోటీన్‌ను మేల్కొల్పుతుంది. అది ఒక చేత్తో కశాభాల తయారీని అణిచి, ఇంకో చేత్తో 'వీఐ' అనే చక్కెర దుప్పటిని కప్పిస్తుంది. ఫ్లాజెలిన్ తగ్గింది కాబట్టి టీఎల్ఆర్5 నిద్రలోనే ఉంటుంది. దుప్పటి కప్పింది కాబట్టి 'ఓ' గొలుసు, రక్తంలో బ్యాక్టీరియాను చంపే కాంప్లిమెంట్ ప్రోటీన్లకు అందదు. మామూలు సాల్మొనెల్లా విరేచనాలతో, చీముతో రచ్చ చేస్తే టైఫాయిడ్ మొదటి వారం చప్పుడు లేకుండా మెల్లగా మెట్టు మెట్టుగా ఎక్కే జ్వరంగా రావడానికి ఇది ఒక పెద్ద కారణం.

(పసిగట్టడం, దాక్కోవడం అని రాస్తున్నది మన సౌకర్యం కోసం. బ్యాక్టీరియాకు ఆలోచన లేదు. అంగీ మార్చని వాటిని తెల్లకణాలు తినేశాయి, మార్చినవి మిగిలాయి.)

ఈ దుప్పటి సంగతి ల్యాబు బల్ల మీదే చూడవచ్చు. రోగి రక్తం నుంచి పెరిగిన కొత్త టైఫీ కాలనీని సెలైన్‌లో కలిపి 'ఓ9' సీరం (టైఫీ 'ఓ' గొలుసును పట్టే యాంటీబాడీలున్న ద్రవం) చుక్క వేస్తే గడ్డ కట్టదు. అనుభవం లేని చెయ్యి 'టైఫీ కాదు' అని రాసేస్తుంది. అదే ద్రావణాన్ని 100 డిగ్రీల్లో పావుగంట మరిగించి చల్లార్చి మళ్లీ వేస్తే ముద్ద కడుతుంది. దుప్పటి వేడికి ఊడింది, లోపలిది బయటపడింది. ఫీలిక్స్, పిట్ అనే ఇద్దరు 1934లో ఈ దుప్పటిని గుర్తించింది కూడా ఇలాంటి మొండి కాలనీల వల్లనే.

వైడల్ 1896 నాటి పరీక్ష. అప్పటికి అది గొప్ప పనే. దాన్ని సరిగ్గా చేస్తే ఎలా చేయాలో చెబుతాను, మన దగ్గర ఎలా జరుగుతున్నదో మీరే పోల్చుకోండి. సరైన పద్ధతి గొట్టాల్లో చేసేది. రోగి సీరంను (రక్తం మీద తేరే ద్రవాన్ని) రెట్టింపు రెట్టింపుగా పలుచన చేస్తూ పోయి, యాంటిజెన్ (చంపిన టైఫీ ద్రవం) కలిపి, 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచి పొద్దున చూడాలి. 'హెచ్' అయితే దూదిపింజల్లా వదులుగా, 'ఓ' అయితే అడుగున సుద్దపొడి చాపలా కనబడుతుంది. అదొక్కటీ చాలదు. వారం పది రోజుల తర్వాత మళ్లీ రక్తం తీసి చేస్తే టైటర్ (ఎన్ని రెట్లు పలుచన చేసినా ఇంకా గడ్డ కడుతుందో ఆ అంకె) నాలుగు రెట్లు పెరగాలి. 40 ఉన్నది 160 అయితే అర్థం ఉంది. మొదటిసారే 160 ఉండి రెండోసారీ 160 ఉంటే అది పాత కథ.

మన దగ్గర జరిగేది పలక మీది పరీక్ష. 80, 40, 20, 10, 5 మైక్రోలీటర్ల సీరం చుక్కలు, ఒక్కోదానికి ఒక్కో చుక్క రంగు యాంటిజెన్, నిమిషం సేపు తిప్పి చూడటం. ఇవి వరుసగా 20, 40, 80, 160, 320గా లెక్క. ఇందులో చెడిపోయే చోట్లు చాలా ఉన్నాయి. పిప్పెట్ బదులు డ్రాపర్ వాడితే 10కీ 20కీ తేడా ఉండదు, అంకె అక్కడే రెట్టింపవుతుంది. నిమిషం దాటి రెండు మూడు నిమిషాలకు చూస్తే, పైన ఫ్యాను తిరుగుతుంటే, చుక్క అంచు ఎండి రవ్వరవ్వగా కనబడుతుంది. దాన్ని పాజిటివ్ అనేస్తారు. యాంటిజెన్ సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం గదిలో మిగిలిపోయిన సీసా తనంతట తానే గడ్డలు కడుతుంది. కిట్టుతో వచ్చే పాజిటివ్, నెగటివ్ కంట్రోల్ చుక్కలు వేస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది. వాటిని వేసే ఓపిక ఎందరికుందో ల్యాబులవాళ్లకే తెలియాలి.

చెయ్యి తప్పు లేకున్నా వైడల్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బులున్నాయి. 'ఓ' యాంటీబాడీ జ్వరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది రోజులకు, 'హెచ్' పది పన్నెండు రోజులకు గాని పైకి రాదు. మూడో రోజున తీసిన రక్తంలో 'హెచ్ 320' వచ్చిందంటే అది ఈ జ్వరానిది కానే కాదు. టైఫీ 'ఓ' గొలుసులోని 12 నంబరు ముక్క దాని చుట్టం పారాటైఫీకీ ఉంది. 9 నంబరు ముక్క కోడిగుడ్లతో వచ్చే ఎంటెరిటిడిస్ అనే సాల్మొనెల్లాకూ ఉంది. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చిన మనిషికి మలేరియానో డెంగీనో వస్తే పాత జ్ఞాపక కణాలు లేచి 'హెచ్'ను మళ్లీ పెంచుతాయి. మన నేల మీద పెరిగినవాళ్ల రక్తంలో జబ్బు లేకున్నా 80 దాకా కనబడటం వింత కాదు. అందుకే ఏ ప్రాంతానికా ప్రాంతం ఆరోగ్యవంతుల్లో ముందు కొలిచి, ఆ గీత మీదనే పాజిటివ్ అనాలి. కిట్టు డబ్బా మీద అచ్చేసిన గీత మన ఊరిది కాదు.

"మరి సూది వేస్తే తగ్గుతున్నది కదా?" అంటారు. డెంగీ జ్వరం అయిదారు రోజులకు తనంతట తానే దిగుతుంది. అయిదు రోజుల సూదికి ఆ పేరు ఊరకే దక్కుతుంది.

అసలు ప్రమాదం ఆ అంకె వెనుక దాక్కునే వేరే జ్వరాల్లో ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు నాట్లకు వంగే కైకిలివాళ్లు రోజంతా మోకాటి లోతు నీళ్లలో ఉంటారు. గట్టు బొరియల్లోని ఎలుకల మూత్రం ఆ నీళ్లలోకి చేరుతుంది. అందులో లెప్టోస్పైరా అనే మెలికల బ్యాక్టీరియా ఉంటే పిక్కల మీది గీరుడులోంచి, నాని మెత్తబడ్డ పాదం చర్మంలోంచి లోపలికి దిగుతుంది. దాని అంగీ మార్పిడి టైఫీకి సరిగ్గా తిరగబడిన కథ. మడి నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. అప్పుడు లెప్టోస్పైరా ఒంటి మీద లిగ్ఏ, లిగ్‌బీ అనే ప్రోటీన్లు లేనట్టే. మన రక్తంలోని ఉప్పు తగలగానే అవి బయటికి మొలుస్తాయి. అవి మన ఒంటి ప్రోటీన్లయిన ఫైబ్రోనెక్టిన్‌ను, ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంటాయి. ఇంకా పెద్ద పని, ఫ్యాక్టర్ హెచ్‌ను లాక్కొని తమ మీద అతికించుకుంటాయి. కాంప్లిమెంట్ మన సొంత కణాల మీద పడకుండా ఆపే బ్రేకు ఫ్యాక్టర్ హెచ్. దాన్ని తగిలించుకున్న బ్యాక్టీరియా రక్తంలో ఇంటి మనిషిలా తిరుగుతుంది. మెదడువాపు తెచ్చే మెనింజోకాకస్‌కూ, గొంతునొప్పి స్ట్రెప్టోకాకస్‌కూ ఇదే ఎత్తు తెలుసు. ఈ మూడింటికీ చుట్టరికం లేదు. ఎవరికి వారు అదే తాళంచెవి చేసుకున్నారు.

లెప్టోస్పైరా విషయంలో పండితులూ అంగీ చూసి మోసపోయారు. లిప్ఎల్32 అనే ప్రోటీన్ దాని బయటి పొరలో అన్నిటికంటే ఎక్కువ. ఇంత ఉంటే పైననే ఉంటుందని ఏళ్ల తరబడి టీకా ప్రయత్నాలన్నీ దాని చుట్టూ తిరిగాయి. 2013లో జాగ్రత్తగా చూస్తే అది పొర లోపలి వైపు ఉన్నట్టు తేలింది. యాంటీబాడీకి అందని చోట ఉన్నదానికి ఎంత యాంటీబాడీ పుట్టించి ఏం లాభం?

లెప్టోకు సెఫ్ట్రయాక్సోన్ పనిచేస్తుంది కాబట్టి తప్పు పేరు మీద అయినా రోగి బయటపడే వీలుంది. స్క్రబ్ టైఫస్‌కు ఆ అదృష్టం లేదు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పొదల్లో గొర్లు, మేకలు కాసేవాళ్లు, చేన్లలో గడ్డి కోసేవాళ్లు ఈ జ్వరాన్ని మనసులో పెట్టుకోవాలి. పొదల్లోని చిన్న ఎర్ర పురుగు పిల్ల కుడితే ఓరియెన్షియా అనే బ్యాక్టీరియా ఎక్కుతుంది. ఇది కణాల లోపల బతికేది. పెన్సిలిన్ జాతి మందులు దెబ్బకొట్టే గోడ దీనికి సరిగ్గా లేనే లేదు. సెఫ్ట్రయాక్సోన్ అయిదు రోజులు కాదు, పదిహేను రోజులు పోసినా దీనికి చీమ కుట్టినట్టుండదు. ఆ లోపల ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, వారం రోజులు. చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. జ్వరం మొదలై నాలుగైదు రోజులైన మనిషికి చంకల్లో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం దగ్గర బట్ట బిగుసుకునే చోట నొప్పిలేని నల్లటి చెక్కు కోసం వెతకాలి. బీడీ అంటించినట్టు ఉంటుంది. బట్టలు పక్కకు జరిపి చూస్తేనే దొరుకుతుంది, అందుకే దొరకదు.

ఓరియెన్షియా ఒంటి మీది ముఖ్యమైన ప్రోటీన్ టీఎస్ఏ56. 56 కిలోడాల్టన్ల బరువు కాబట్టి ఆ పేరు. ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకొని కణంలోకి దూరడానికి ఇదే దారి. దీంట్లో నాలుగు చోట్ల అక్షరాలు (ప్రోటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాలు) రకానికీ రకానికీ మారిపోతాయి. కార్ప్, కాటో, గిలియం అని రకాలను విడగొట్టేది ఈ తేడాలతోనే. ఒకసారి స్క్రబ్ వచ్చినవాళ్లకు ఇంకో రకంతో మళ్లీ రావడానికీ ఇదే కారణం. ఇక్కడ నన్ను నిలదీయొచ్చు: స్క్రబ్‌కు చేసే ఐజీఎం ఎలీసా కూడా యాంటీబాడీ పరీక్షే కదా, దాన్నెలా ఒప్పుకుంటున్నావని. న్యాయమైన ప్రశ్నే. అందులో చంపిన బ్యాక్టీరియా ముద్ద ఉండదు, ఒక్క 56 ప్రోటీన్‌నే విడిగా తయారుచేసి, నాలుగైదు రకాలవి కలిపి పూస్తారు. పాత రోగాన్ని కాక కొత్తదాన్ని చూపే ఐజీఎంను వెతుకుతారు. అయినా దానికీ స్థానికంగా గీత పెట్టుకోవాలి. మొదటి నాలుగు రోజుల్లో నెగటివ్ వస్తే నమ్మరాదు. అంగీని బట్టి మనిషిని గుర్తుపట్టక తప్పనప్పుడు కనీసం ఆ అంగీ ఎన్ని రంగుల్లో వస్తుందో తెలుసుకొని గుర్తుపట్టాలి.

యాంటీబాడీ ఉంటే కాపాడుతుందన్న నమ్మకాన్ని నిలువునా చీల్చేది స్టఫైలోకాకస్ ఆరియస్. సెగ్గడ్డలు, ఆపరేషన్ గాయాల చీము దీని పనే. యాంటీబాడీని పంగలకర్ర అనుకోండి. రెండు పంగలు బ్యాక్టీరియాను పట్టుకోవాలి, కింది కాడను తెల్లకణం అందుకోవాలి. స్టఫ్ మీది ప్రోటీన్ ఏ అయిదు వేళ్ల చెయ్యి లాంటిది, ఆ కాడనే ముందు పట్టేస్తుంది. పంగలు గాల్లోకి, కాడ బ్యాక్టీరియా చేతిలోకి. తెల్లకణానికి పట్టు దొరకదు. ఈ ప్రోటీన్ గోడకు బిగిసే తీరూ అంతే పకడ్బందీ. ప్రోటీన్ తోక దగ్గర అయిదక్షరాల ముద్ర ఉంటుంది. సోర్టేజ్ అనే ఎంజైమ్ ఆ ముద్రలో నాలుగో అక్షరం థ్రియోనిన్‌కూ అయిదోది గ్లైసిన్‌కూ మధ్య కోసి, తెగిన కొసను గోడలోని అయిదు గ్లైసిన్ల వంతెనకు కుడుతుంది. సోర్టేజ్‌ను తీసేస్తే ఇలాంటి ప్రోటీన్లన్నీ ఒక్కసారే జారిపోతాయి, ఎలుకల్లో ఆ బ్యాక్టీరియా పస తగ్గిపోతుంది. యాంటీబాడీ మందులు చేసే ఫ్యాక్టరీలు శుద్ధి గొట్టాల్లో ఇదే ప్రోటీన్ ఏ పూసలు నింపుతాయి. మందు యాంటీబాడీ కాడ పట్టుకొని ఆగుతుంది, పీహెచ్ 3 పైచిలుకు ఆమ్లం పోస్తే వదులుతుంది. దొంగ చెయ్యికి దొరికిన ఉద్యోగం.

గొంతునొప్పి స్ట్రెప్టోకాకస్ పయోజెనీస్ మీది ఎం ప్రోటీన్ రెండు పోగులు పేనిన తాడులా బయటికి వెంట్రుకలై నిలబడుతుంది. గోడ వైపు భాగం అంతటా ఒకటే, బయటి కొస మాత్రం మారుతూ పోతుంది. 200కు పైగా రకాలు. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీ ఇంకో రకాన్ని ఆపదు, అందుకే బడి పిల్లలకు ఏటా గొంతునొప్పి. ఆ పేనిన తాడు ఆకారం గుండె కండలోని మయోసిన్‌కు దగ్గరగా ఉండటంతో కొందరు పిల్లల్లో యాంటీబాడీలు గుండె కవాటాల మీదికి తిరుగుతాయి. రుమాటిక్ జ్వరం గొంతునొప్పి తర్వాత రెండు మూడు వారాలకు వస్తుంది. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ పడితే దాన్ని ఆపవచ్చు.

ఇక్కడా మన దగ్గర ఒక కాగితం రాజ్యమేలుతుంది, స్ట్రెప్టోకాకస్ విషానికి పుట్టిన యాంటీబాడీని కొలిచే ఏఎస్ఓ. మోకాళ్లు నొప్పన్న ప్రతి పిల్లకూ ఏఎస్ఓ, 200 దాటితే రుమాటిక్ అని పేరు. ఏఎస్ఓ చెప్పేది ఆ బ్యాక్టీరియా ఈమధ్య ఎప్పుడో తగిలిందని మాత్రమే. బడికి పోయే పిల్లల్లో చాలామందికి తగులుతూనే ఉంటుంది. కీళ్లు ఒకటి తర్వాత ఒకటి వాయడం, గుండె చప్పుడు మారడం, ఎకో పరీక్ష ఇవన్నీ కలిస్తేనే ఆ పేరు పెట్టాలి. నిజంగా రుమాటిక్ అయితే మాత్రం బెంజథీన్ పెన్సిలిన్ బరువును బట్టి 12 లక్షల యూనిట్ల దాకా 21 రోజులకొకసారి, ఏళ్ల తరబడి. తల్లిదండ్రులు ముంబైకో పుణెకో వలసపోయే పాలమూరు ఇళ్లల్లో తెగిపోయేది ఈ గొలుసే. ఆ మందు పొడి నీళ్లలో కరగదు, సున్నంలా తేలుతుంది. కలిపి పక్కన పెడితే సూది మూసుకుపోతుంది. బాగా కుదిపి, కొంచెం లావు సూదితో వెంటనే వేయాలి. సగం మందు సిరంజిలో గడ్డకట్టి మిగిలిపోతే 21 రోజుల లెక్క అక్కడే తప్పుతుంది.

మూత్రంలో మంట తెచ్చే ఈ.కోలై గురించి కొద్దిగా. దాని నూలు పోగుల కొసన ఫిమ్ హెచ్ అనే కొక్కెం మూత్రాశయం గోడ మీది మ్యానోస్ చక్కెరను పట్టుకుంటుంది. మూత్రం ధార లాగినకొద్దీ ఆ కొక్కెం ఇంకా బిగుస్తుంది. ఈ పోగులు ఉండాలా వద్దా అన్నది 314 అక్షరాల డీఎన్ఏ ముక్క అటు తిరిగిందా ఇటు తిరిగిందా అన్నదాని మీద ఆధారం. ఈ శాస్త్రం విని, మ్యానోస్ తాగితే కొక్కెం దానికే చిక్కుకుంటుందని సంచీలు అమ్ముతున్నారు. వాదన విన్నప్పుడు తలూపాలనిపిస్తుంది. 2024లో వచ్చిన బ్రిటన్ పరీక్షలో 598 మంది స్త్రీలకు రోజుకు 2 గ్రాములు ఆరు నెలలు ఇచ్చి చూస్తే మ్యానోస్ తాగినవాళ్లలో 51 శాతం, ఉత్త పొడి తాగినవాళ్లలో 55.7 శాతం మళ్లీ దవాఖానకు వచ్చారు. ఆ తేడా లెక్కకు నిలవలేదు. ఒక కొక్కేన్ని మూసినంత మాత్రాన వేరే కొక్కేలున్న జీవి ఆగదు. ఆ సంచీ పైసలు మూత్రం కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు పెట్టొచ్చు. మొదటి ధార వదిలి మధ్య ధార పట్టాలి, రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి, లేదంటే 4 డిగ్రీల్లో ఉంచాలి. ఎండాకాలం దేవరకొండ బస్సులో మూడు గంటలు తిరిగిన డబ్బాలో అరగంటకోసారి రెట్టింపయినా 64 రెట్లవుతుంది. రెండు వేలు ఉన్నది లక్షా 28 వేలయి లేని రోగాన్ని చూపిస్తుంది.

టీకాల్లోనూ ఇదే పాఠం చేదుగా వచ్చింది. స్టఫ్ బ్యాక్టీరియా హిమోగ్లోబిన్‌లోంచి ఇనుము దొంగిలించడానికి ఐఎస్‌డీబీ అనే పై ప్రోటీన్ వాడుతుంది. దానికి టీకా చేసి గుండె, ఛాతీ ఆపరేషన్లకు పోయే 8,000 మందిలో పరీక్షించారు. యాంటీబాడీలు దండిగా పుట్టాయి. ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గలేదు, పైగా స్టఫ్ సోకినవాళ్లలో టీకా పడ్డవాళ్లే ఎక్కువ చనిపోయారు. 2011లో పరీక్ష ఆపేశారు. కోరింత దగ్గు సంగతి ఇంకోలా జరిగింది. ముడి కణాల టీకా (బ్యాక్టీరియాను మొత్తంగా చంపి చేసేది) జ్వరం తెస్తుందని, పెర్టాక్టిన్ లాంటి రెండు నుంచి అయిదు ప్రోటీన్లనే ఏరి శుద్ధి చేసిన టీకాలు వచ్చాయి. అవి వాడిన దేశాల్లో పెర్టాక్టిన్ లేని బ్యాక్టీరియా పుట్టుకొచ్చి, అమెరికాలో అదే ఎక్కువైంది. టీకా దేన్ని చూడమందో దాన్నే విప్పేసింది. మన సర్కారు పిల్లలకు 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌లో ఇప్పటికీ ముడి కణాల కోరింత దగ్గు భాగమే ఉంది. ఆ రాత్రి జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది, నిజమే. పైసలు పెట్టి నొప్పి లేని సూది వేయించే ముందు ఆ నొప్పిలో వందల ప్రోటీన్లున్నాయని తల్లిదండ్రులకు ఎవరైనా చెప్పాలి.

ముడి టీకా అయితే చాలునా అంటే, బర్రెల గొంతువాపు టీకా చూడండి. పాశ్చురెల్లా మల్టోసిడా తెచ్చే ఈ జబ్బులో గొంతు కింద వాపు, గురక, ఒక్క రోజులో చావు. వానలకు ముందే టీకా పడాలి. పటికతో చేసిన టీకా నాలుగైదు నెలలు, నూనెతో చేసినది ఏడాది దాకా కాస్తుంది. ఈ బ్యాక్టీరియా, పశువు రక్తంలో ఇనుము మోసే ట్రాన్స్‌ఫెరిన్ నుంచి ఆ ఇనుము లాగే ప్రోటీన్లను ఇనుము దొరకని చోటే తొడుగుతుంది. టీకా కోసం ఇనుము నిండుగా ఉన్న మాంసరసంలో పెంచితే ఆ అంగీ లేకుండానే పెరుగుతుంది. ఫ్లాస్కులో తొడగని దానికి పశువు ఒంట్లో రక్షణ ఎక్కడినుంచి వస్తుంది? ఇనుము తగ్గించి పెంచాలని పశువైద్య శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో అంటున్నది అందుకే.

ఇవన్నీ చెప్పాక టైఫాయిడ్‌కు వచ్చిన టీకా పై ప్రోటీన్‌ది కాదని గమనించండి. హైదరాబాద్‌లో తయారయ్యే టైప్‌బార్ టీసీవీలో ఉన్నది 25 మైక్రోగ్రాముల వీఐ దుప్పటి, ధనుర్వాతం టాక్సాయిడ్‌కు అతికించింది. ఆరు నెలల పిల్లల నుంచి వేయవచ్చు. నేపాల్‌లో 20,000 మంది పిల్లల్లో చూస్తే దాదాపు 82 శాతం కాపాడింది. ఒంట్లోకి దిగాక బ్యాక్టీరియా తొడిగే అంగీ మీదనే గురిపెట్టింది కాబట్టి పనిచేస్తున్నదని నా లెక్క. వైడల్ గురి చూసేది పేగు గోడ దాటాక తగ్గించేసే, కప్పేసే అంగీల మీద.

టీబీకి యాంటీబాడీ రక్తపరీక్షలు ఇలాగే తప్పుదారి పట్టిస్తున్నాయని మన దేశం 2012లో వాటిని నిషేధించింది. వైడల్‌కూ అదే గతి పట్టాలి. జ్వరమొస్తే మలేరియా, డెంగీ పరీక్షలు ఎలాగూ చేస్తారు. టైఫాయిడ్ అనుమానం ఉంటే యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే బ్లడ్ కల్చర్ తీయాలి. మూడు రోజులు ఎవరాగుతారని అడ్డం చెబుతారు. ఎవరూ ఆగనక్కర్లేదు, రక్తం తీసిన అయిదు నిమిషాలకే మందు మొదలుపెట్టవచ్చు. ఫలితం వచ్చాక మందు మార్చాలా ఆపాలా చూస్తారు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని టైఫీయే మన దేశంలో ఎక్కువ కాబట్టి ఆ ఫలితం లేకుండా గోళీలు మార్చడం చీకట్లో రాళ్లు వేయడమే.

కల్చర్ కూడా ముఖం చూసి పలకదు. టైఫాయిడ్ రోగి రక్తంలో మి.లీ.కు సుమారు ఒక్క బ్యాక్టీరియా ఉంటుంది, అదీ చాలాసార్లు తెల్లకణం లోపల. రెండు మి.లీ. తీస్తే రెండు జీవులను నమ్ముకున్నట్టు. పెద్దవాళ్లకు 8 నుంచి 10 మి.లీ. తీయాలి. అంతా సరిగ్గా చేసినా వంద మంది నిజమైన రోగుల్లో అరవై మందికే పట్టుబడుతుంది. సీసాలో రక్తానికి అయిదు నుంచి పది రెట్లు మాధ్యమం (బ్యాక్టీరియాను పెంచే ద్రవం) ఉండాలి, లేకుంటే రోగి రక్తంలోని యాంటీబాడీ, కాంప్లిమెంట్ సీసాలో కూడా పనిచేసి బ్యాక్టీరియాను అణిచేస్తాయి. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద గుచ్చితే చర్మం మీది స్టఫ్ సీసాలోకి దిగుతుంది. సీసా రబ్బరు మూతను కూడా తుడవాలి. చీటీ మీద జ్వరం ఎన్నో రోజో, అప్పటికే ఏ గోళీ మింగారో రాయాలి. కల్చర్ సౌకర్యం లేని ఊరైతే సీసాను గది వేడిలోనే అదే రోజు జిల్లా దవాఖానకు పంపాలి. మూత్రం డబ్బా అలవాటు కొద్దీ దాన్ని ఐస్ పెట్టెలో పెట్టేవాళ్లున్నారు. అలా పెట్టకండి.